మూడడుగుల ఎత్తు నుంచి ఇల్లు: మాంటిస్సోరి పద్ధతిలో పిల్లల పెంపకం, మా ప్రాజెక్టు డైరీ

మే, చివరి వారం

ఈ డైరీలో రాయబోయేది బడి గురించి కాదు, ఇంటి గురించి. మాకు ఇద్దరు పిల్లలు. బాబుకు ఏడేళ్లు, పాపకు మూడేళ్లు నిండాయి. రాజమహేంద్రవరంలో రెండు పడకగదుల అద్దె ఇల్లు, అందులో మేమిద్దరం, పిల్లలు, మా అమ్మ. మారియా మాంటిస్సోరి చెప్పిన సూత్రాలను ఈ ఇంట్లో, చేతికందే వస్తువులతోనూ వీధి చివరి వడ్రంగి సాయంతోనూ, వచ్చే వేసవి దాకా అమలు చేసి చూడాలన్నది సంకల్పం. ఖరీదైన బొమ్మల పెట్టెలు కొనకూడదన్నది మేము పెట్టుకున్న మొదటి షరతు. పిల్లల చేత ప్రదర్శనలు ఇప్పించకూడదన్నది రెండోది.

మాంటిస్సోరి 1870లో ఇటలీలో పుట్టి, 1896లో రోమ్ విశ్వవిద్యాలయం నుంచి వైద్యపట్టా పుచ్చుకున్నారు. 1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో మొదటి ‘బాలల ఇల్లు’ తెరిచినప్పుడు ఆమెకు అలవాటైన పని పాఠం చెప్పడం కంటె రోగిని పరిశీలించడమే కావడం వల్ల, పిల్లలను కూడా ముందు చూసి, ఆ తరువాతే ఏం చేయాలో తేల్చుకున్నారు. ఆమెకు మన ప్రాంతంతో ఉన్న సంబంధం కూడా చిన్నది కాదు. 1939లో దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) ఆహ్వానంపై కొడుకు మారియోతో కలిసి మద్రాసులోని అడయారుకు వచ్చారు. మరుసటి ఏడాది ఇటలీ యుద్ధంలోకి దిగడంతో శత్రుదేశ పౌరురాలిగా ఆంక్షల మధ్య ఇక్కడే ఉండిపోయి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తూ, కొంతకాలం కొడైకెనాల్‌లో గడిపి, 1946లో గాని ఐరోపాకు తిరిగి వెళ్లలేకపోయారు. మన కోస్తా జిల్లాలు అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనివే. ఆ తరువాతి తరంలో, 2017లో పద్మశ్రీ అందుకున్న కోటేశ్వరమ్మ గారు విజయవాడలో నెలకొల్పిన సంస్థల వల్ల ఈ ఇటలీ పేరు కృష్ణా, గోదావరి జిల్లాల ఇళ్లలో చుట్టం పేరంత పరిచయమైంది.

చేసిన మొదటి పని కొలత. టేపు పట్టుకుని, మోకాళ్ల మీద ఇల్లంతా తిరిగాను. మూడేళ్ల పిల్ల ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు, అంటే మూడడుగుల పైచిలుకు. ఆ ఎత్తు నుంచి చూస్తే మా ఇంట్లో స్విచ్చులన్నీ ఆకాశంలో ఉన్నాయి, బట్టలు బీరువా పై అరలో ఉన్నాయి, మంచినీళ్ల ఫిల్టరు గోడకు వేలాడుతోంది, చేతులు కడుక్కునే సింకు గడ్డానికి పైన ఉంది. పాప రోజంతా మమ్మల్ని పిలిచి అడిగేవాటిని ఒక పూట కాగితం మీద రాసి చూస్తే, వాటిలో ఎక్కువ భాగం నీళ్లు, చెప్పులు, బట్టలు, స్నానాలగది దీపం. వీటిలో ఏదీ ఆమెకు చేతకాని పని కాదు, చేతికి అందని పని మాత్రమే. పాప మారాం అని మేము అనుకున్నదానిలో సగం ఎత్తు సమస్య అని ఆ కాగితం వల్ల తేలింది.

జూన్

మాంటిస్సోరి తన కాలంలో పిల్లల కోసం చిన్న బల్లలు, చిన్న కుర్చీలు ప్రత్యేకంగా చేయించవలసి వచ్చింది. ఐరోపా ఇళ్లలో జీవితమంతా కుర్చీ ఎత్తున జరుగుతుంది. నేల మీద కూర్చుని తినడం, కూరలు తరుక్కోవడం, పూలు కట్టుకోవడం ఇంకా పూర్తిగా పోని మన ఇళ్లలో ఆ ఖర్చు చాలావరకు తప్పుతుంది. అటక మీద దుమ్ము పట్టిన మూడు పీటలను దించి కడిగాము. ఒకటి సింకు ముందు మెట్టుగా, ఒకటి పాప భోజనానికి, మూడోది కుళాయి ఉన్న చిన్న మట్టికుండకు ఆధారంగా స్థిరపడ్డాయి. కుండ పక్కన ఒక చిన్న గ్లాసు, కింద నీళ్లు ఒలికితే తుడిచే గుడ్డ ఉంచాము. గుడ్డ అక్కడే ఉండడం ముఖ్యం. ఒలకడం నేరమైన ఇంట్లో ఏ పిల్లా తనంత తాను నీళ్లు పట్టుకోదు.

వడ్రంగి చేత చేయించినది ఒక్క అలమర. ఎత్తు 75 సెంటీమీటర్లు, వెడల్పు మీటరు, మూడు అరలు, తలుపులు లేవు. పిల్లలు ఎక్కడానికి ప్రయత్నిస్తారని తెలుసు గనుక వెనక రెండు ఇనుప పట్టీలతో గోడకు బిగించాము, ఇది మరువరాదు. తలుపులు ఎందుకు లేవని వడ్రంగి అడిగాడు. శాన్ లొరెంజోలో ఒకనాడు ఉపాధ్యాయురాలు సామాను బీరువాకు తాళం వేయడం మరిచి, ఆలస్యంగా వచ్చేసరికి పిల్లలు ఎవరికి కావలసినవి వారు తీసుకుని పనిలో మునిగి ఉన్నారట. దాన్ని దొంగతనంగా భావించిన ఉపాధ్యాయురాలిని వారించి, పిల్లలకు తమకు కావలసినది తెలుసునని గ్రహించి, మాంటిస్సోరి ఆ తరువాత తెరిచి ఉన్న అలమరలనే పెట్టించారు. ఈ కథ విన్నాక వడ్రంగి తలుపుల డబ్బు తగ్గించాడు గాని, “అన్నీ కింద పారేస్తారు సార్” అని హెచ్చరించే వెళ్లాడు.

మొదటి వారం పారేశారు కూడా. బొమ్మలన్నిటినీ అరల్లో కూర్చడమే దానికి కారణమని తోచి, ఒక్కో అరలో మూడేసి వస్తువులు మాత్రం ఉంచి, మిగిలినవి మూటకట్టి అటక ఎక్కించాము. ప్రతి వస్తువుకూ ఒక పళ్లెం, ప్రతి పళ్లేనికీ ఒక చోటు. మూడేళ్ల వయసులో క్రమం మీద పిల్లలకు ఉండే పట్టుదల పెద్దలకు మొండితనంగా కనిపిస్తుంది: నాయనమ్మ కండువా అమ్మ భుజాన కనబడితే పాప ఏడ్చిన రోజులు మా ఇంట్లో ఉన్నాయి. మాంటిస్సోరి ఈ దశను సున్నితకాలం అన్నారు. ఆ పట్టుదలే ఇప్పుడు మాకు అక్కరకు వస్తోంది. పళ్లెం తన చోట లేకపోతే పెద్దవాళ్ల కంటె ముందు ఆమెకే తోచదు.

జూలై

వంటింటి నెల. దీని గురించే ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఈ పద్ధతికి గుండెకాయ వంటిదైన నిత్యజీవన అభ్యాసాలకు మన వంటిల్లు సరిపోయినట్టు మరే గదీ సరిపోదు.

ఒక చెంబులోంచి మరొక చెంబులోకి పోయడంతో మొదలుపెట్టాము. మొదట కందిపప్పు, తరువాత రాగులు, ఆ తరువాత నీళ్లు. కష్టాన్ని విడదీసి ఒక్కొక్కటే ఇవ్వాలన్నది సూత్రం. పప్పు నెమ్మదిగా జారుతుంది, రాగులు వేగంగా జారుతాయి, నీళ్లు చెయ్యి వణికితే చాలు పక్కకు పోతాయి. చూపించే తీరు పిల్లల కంటె పెద్దలకే కఠిన శిక్షణ: నోరు మెదపకుండా, రోజూ చేసే వేగంలో నాలుగో వంతుకు తగ్గి, చెంబు పట్టడం, ఎత్తడం, వంచడం, చివరి చుక్క దాకా ఆగడం వేరువేరుగా కంటికి కనబడేలా చేయాలి. మాటలూ చేతులూ కలిసి నడిస్తే పసిపిల్ల మన ముఖమే చూస్తుంది గాని చేతుల వైపు చూడదు. ఇది నేను పుస్తకంలో చదివి నమ్మలేదు. నా భార్య మాట్లాడకుండా చూపించిన రోజునా, నేను వ్యాఖ్యానంతో చూపించిన రోజునా పాప చూపు ఎక్కడుందో గమనించాక నమ్మాను.

స్టీలు గ్లాసుల మీద కొంత చర్చ నడిచింది. పగిలే వస్తువులనే పిల్లలకు ఇవ్వాలని మాంటిస్సోరి పట్టుబట్టారు, ఎందుకంటే వస్తువే తప్పును చెప్పాలి, పెద్దవాళ్లు చెప్పనక్కరలేదు. మా అమ్మ దీనికి ససేమిరా ఒప్పుకోలేదు. ఆమె వాదనలో సారం ఉంది: గచ్చు నేల మీద పడిన స్టీలు గ్లాసు చేసే చప్పుడు వీధి చివరికి వినబడుతుంది, పిల్లకు అంతకు మించిన హెచ్చరిక అక్కరలేదు, పైగా కాళ్లకు గాజుముక్కలు గుచ్చుకోవు. చివరికి మంచినీళ్లకు స్టీలు, భోజనానికి చిన్న పింగాణీ గిన్నె అని ఒప్పందం కుదిరింది.

పాప ఇప్పుడు బఠాణీకాయలు వలుస్తుంది, చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంది, కొత్తిమీర కాడల నుంచి ఆకులు గిల్లుతుంది, పదును లేని చిన్న కత్తితో అరటిపండును ముక్కలు చేసి అందరికీ పంచుతుంది. వేరుశనక్కాయలు మాత్రం బాబుకే. గట్టి గింజలు అయిదేళ్ల లోపు పిల్లలకు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉన్నందువల్ల ఆ పళ్లెం పాపకు అందని చోట ఉంటుంది. పొయ్యి, కత్తిపీట, మిక్సీ ఉన్న వైపు గీత గీసి ఉంచాము, ఆ గీతకు మినహాయింపు లేదు. స్వేచ్ఛ అంటే ఏదైనా చేయనివ్వడమని అనుకునేవారు ఈ పద్ధతిని సగమే చదివారని నా అభిప్రాయం. హద్దులు కొద్దిగా ఉండాలి, కాని అవి రోజూ ఒకేచోట ఉండాలి.

కాలం సంగతి దాచనక్కరలేదు. మా అమ్మ పది నిమిషాల్లో ఒలిచే కాయలకు పాపకు అరగంట పైన పడుతుంది. బడి, ఆఫీసు హడావిడి ఉన్న ఉదయాలకు ఈ పద్ధతి పనికిరాదు, అప్పుడు పిల్లకు బట్టలు మేమే తొడుగుతాము. సాయంత్రాలూ ఆదివారాలూ ఆమెవి. అన్ని పూటలా అమలు చేయబోయి విసుగెత్తి మానేయడం కంటె, కొన్ని పూటలు తొందర లేకుండా ఇవ్వడం మేలని మా ఇద్దరికీ తోచింది.

ఇక బాబు పని. తన క్యారేజీ తానే కడుగుతాడు, ఉతికిన బట్టల్లో తనవి మడత పెడతాడు, ఆదివారం పచ్చడికి రోట్లో కొబ్బరి దంచుతాడు. “మగపిల్లాడి చేత గిన్నెలు తోమిస్తారా?” అని మా అమ్మ ఒకసారి నా భార్యను అడిగింది. జవాబు నేనే చెప్పవలసి వచ్చింది, ఎందుకంటే ఆ ప్రశ్న నిజానికి నా చిన్నతనం గురించినది. ముప్పై ఏళ్లు దాటేదాకా అన్నం వండడం రాని నన్ను పెంచింది ఆమే. అమ్మ నవ్వింది, వాదించలేదు, మరునాడు బాబుకు రోకలి పట్టే పద్ధతి దగ్గరుండి నేర్పింది.

ఆగస్టు

ఈ నెల భోజనం దగ్గర చిక్కింది. కలిపి ముద్దలు పెట్టడం మా అమ్మకు ప్రేమ, పాపకు హాయి. మధ్యలో సూత్రాల పేరు చెప్పి అడ్డం వెళ్లడం నాకు నచ్చలేదు. రాత్రి భోజనం పాప తన చేత్తో తింటుంది, మధ్యాహ్నం నాయనమ్మ పెడుతుంది, ఏ పూటా ఫోను ఉండదు అని కుదుర్చుకున్నాము. కొద్ది రోజులకే మధ్యాహ్నం కూడా పాప సగం తనే తింటోందని, మిగతా సగానికి కథ కావాలంటోందని అమ్మ చెప్పింది. కథ చెప్పే పని ఆమెకు మిగలడం అందరికీ మంచిదే అయింది. మాటలను స్పంజిలా పీల్చుకునే వయసులో ఒక ముసలి గొంతు నుంచి సామెతలతో, యాసతో వచ్చే తెలుగుకు సాటి వచ్చే సామగ్రి ఏ దుకాణంలోనూ దొరకదు.

పరిశీలన పుస్తకం ఈ నెలలోనే మొదలుపెట్టాను. అందులో మూడు గడులు: ఏ పని తనంత తాను ఎంచుకుంది, ఎంతసేపు చేసింది, ఎవరు ఆపారు. మూడో గడి నిండినంతగా మిగతావి నిండలేదు. పాప దేన్నైనా శ్రద్ధగా చేస్తున్నప్పుడు ఆపేది దాదాపు ఎప్పుడూ పెద్దవాళ్లే: ‘శభాష్’ అనడానికి, ఫొటో తీయడానికి, ‘అలా కాదమ్మా’ అనడానికి, పాలు తాగమనడానికి. శాన్ లొరెంజోలో మూడేళ్ల పాప ఒకతె కర్రదిమ్మెలోని గుంటల్లో స్తూపాలు అమర్చే పనిని నలభై సార్లకు పైగా మళ్లీ మళ్లీ చేసిందనీ, చుట్టూ పిల్లలను పాటలు పాడించినా, కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టినా ఆపలేదనీ మాంటిస్సోరి రాశారు. అంతటి ఏకాగ్రత ఎక్కడి నుంచో తెచ్చి నేర్పేది కాదు, ఉన్నదాన్ని చెడగొట్టకుండా ఉండడమే మన వంతు. ఆ రోజు నుంచి ఇంట్లో ఒక కట్టుబాటు: పాప తలెత్తి మన వైపు చూసేదాకా ఎవరూ పలకరించకూడదు. చుట్టాలు వచ్చినప్పుడు దీన్ని పాటించడం అసాధ్యం, పాటించమని అడగడం మర్యాద కూడా కాదు.

సెప్టెంబరు

మాంటిస్సోరి సామగ్రిలోని గులాబీ గోపురం తయారైంది. ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా భుజం ఉన్న పది ఘనాలు. అన్నిటికన్నా పెద్దది అన్నిటికన్నా చిన్నదానికి వెయ్యి రెట్లు. అన్నీ కలిపి 3,025 ఘన సెంటీమీటర్ల కర్ర. రంగు ఒక్కటే, ఆకారం ఒక్కటే, మారేది పరిమాణం మాత్రమే. పిల్ల దృష్టి ఆ ఒక్క తేడా మీదనే నిలవాలని ఈ ఏర్పాటు. వడ్రంగి కోతలో అర మిల్లీమీటరు తేడాలు వచ్చాయి, రంగు పూతలో కొన్ని సర్దుకున్నాయి. పాప పెద్ద ఘనాన్ని రెండు చేతులా పొట్టకు ఆనించుకుని చాప మీదకు మోస్తుంది. బరువు తెలియడం కూడా పాఠంలో భాగమే.

బాబు కోసం చేసిన పుల్లల పెట్టె పాపకు కూడా రెండేళ్లలో పనికి వస్తుంది. సున్నా నుంచి తొమ్మిది దాకా పది గదులు, మొత్తం 45 పుల్లలు. చీపురుపుల్లలను సమానంగా కత్తిరించి కొనలు రాపిడి పట్టాము. ఒకటి గదిలో ఒకటి, రెండు గదిలో రెండు అని పెట్టుకుంటూ పోతే తొమ్మిది గది నిండేసరికి చేతిలో పుల్లలు అయిపోవాలి; మిగిలినా చాలకపోయినా ఎక్కడో లెక్క తప్పినట్టు పిల్లకే తెలుస్తుంది, ఎవరూ ఎర్రసిరాతో దిద్దనక్కరలేదు. సున్నా గది ఖాళీగా ఉండడం పిల్లలకు వింత. చింతపిక్కలతో ఇదే ఆడించవచ్చు, పాప నిద్రపోతున్నప్పుడు మాత్రమే.

అక్టోబరు, నవంబరు

అక్షరాలు. ఈ రెండు నెలల పనికి ముందు మాదిరి లేకపోవడం వల్ల, తెలుగు పిల్లలున్న ఇతర ఇళ్లకు ఉపయోగపడవచ్చని వివరంగా రాస్తున్నాను.

మాంటిస్సోరి గరుకు అక్షరాలు ఇటలీ లిపికి పుట్టినవి: గరుకు కాగితంతో అక్షరం కత్తిరించి, అచ్చులను నీలి అట్ట మీద, హల్లులను గులాబీ అట్ట మీద అంటించి, చూపుడువేలు, నడిమివేలు కలిపి రాసే దిశలోనే తడమనిస్తారు. కన్ను, వేలు, చెవి ఒకేసారి పనిచేస్తాయి. తెలుగు అక్షరాల గుండ్రదనం వల్ల గరుకు కాగితాన్ని కత్తెరతో కత్తిరిస్తే అంచులు చిరిగాయి. అందుకని అట్ట మీద పెన్సిలుతో అక్షరం రాసి, సెంటీమీటరు వెడల్పున ఫెవికాల్ పూసి, సన్నని జల్లెడ పట్టిన గోదావరి ఇసుక చల్లి, ఆరాక దులిపాము. వంపులు అద్భుతంగా వచ్చాయి. ఇసుక రాలకుండా రెండో పూత పలచగా వేయాలి, లేకుంటే గరుకు పోతుంది.

మా అమ్మకు ఇందులో కొత్తేమీ కనబడలేదు. బాసరలో బాబుకు అక్షరాభ్యాసం చేయించినప్పుడు పళ్లెంలో బియ్యం పోసి వేలితో రాయించింది ఆమే. పూర్వం వీధిబడుల్లో ఇసుక మీద దిద్దించేవారని కూడా గుర్తుచేసింది. ఆ బియ్యం పళ్లేన్ని కూడా అలమరలో చేర్చాము. గరుకు అక్షరం తడిమిన వెంటనే బియ్యంలో రాసుకుంటుంది, పళ్లెం కుదిపితే చెరిగిపోతుంది, తప్పు మిగలదు.

వరుసక్రమం మార్చాము. ‘అ, ఆ’లతో మొదలుపెట్టి ‘క్ష, ఱ’ దాకా వెళ్లే వరుస కంఠస్థం చేయడానికి బాగుంటుంది, వేలికి కాదు. ‘అ’ చేతికి సులభమైన అక్షరమేమీ కాదు. ఆకారంలో ఒకదానికొకటి దూరంగా ఉన్న ‘ర, ల, గ, మ’లతో మొదలుపెట్టి, ‘త, వ, ప, డ, న, ద, ట’లు తరువాత చేర్చాము. ‘ద, ధ, థ’లను, ‘ప, ఫ, ష’లను ఎప్పుడూ ఒకే పూట ఇవ్వలేదు. ఈ కొద్ది అక్షరాలతోనే ‘తల, వల, గద, నగ, మర, పడవ, గడప’ వస్తాయి, ‘అ’ చేరితే ‘అటక’కు ఒక్క ‘క’ చాలు. చెప్పే తీరు ఫ్రెంచి వైద్యుడు సెగుయిన్ నుంచి మాంటిస్సోరి తీసుకున్న మూడు మెట్ల పాఠమే: ‘ఇది ర, ఇది మ’ అని పరిచయం, ‘మ ఏదో చూపించు’ అని గుర్తింపు, చాలా రోజుల తరువాత మాత్రమే ‘ఇది ఏమిటి?’ అన్న ప్రశ్న. మూడో మెట్టులో తడబడితే దిద్దకుండా మొదటి మెట్టుకు వెనక్కు రావాలి. మన ఇళ్లలో చుట్టాలంతా సూటిగా మూడో మెట్టు నుంచే మొదలుపెడతారు.

అసలు తల పట్టుకున్నది కదిలే అక్షరాల పెట్టె దగ్గర. ఇటలీ లిపిలో అక్షరాలను పక్కపక్కన పేరిస్తే మాట అవుతుంది. మనకు గుడి పైన కూర్చుంటుంది, కొమ్ము పక్కన వస్తుంది, ‘పు, వు’లలో కిందికి దిగుతుంది, వత్తులు అడుగున చేరతాయి. మా పరిష్కారం ఇది: తలకట్టు ఉండే హల్లులను తలకట్టు లేకుండా గులాబీ అట్టలో కత్తిరించి, తలకట్టునే విడి ముక్కగా నీలి అట్టలో చేశాము. తలకట్టు తీసి గుడి పెడితే ‘కి’, దీర్ఘం పెడితే ‘కా’, తలకట్టు ఉంచి పక్కన కొమ్ము చేరిస్తే ‘కు’. ‘ల, జ, బ, ణ, ఖ’లకు తలకట్టే లేదు గనుక అవి ఉన్నవి ఉన్నట్టుగా ఉంటాయి. ‘మొ, యొ’ వంటివి ముక్కలు కలిపితే సరిగా రావు, వాటిని పూర్తి అక్షరాలుగానే చేశాము. గుణింతమంటే పదహారు రూపాల జాబితా అనుకున్న బాబుకు, ఒక హల్లు మీద ముక్కలు మారుతుంటే ఉచ్చారణ మారడం చేతుల్లో కనబడింది. ‘కి’లో తలకట్టు ఎక్కడికి పోయిందని అతను అడిగిన ప్రశ్న రెండేళ్ల బడి చదువులో ఎవరూ అడగనిచ్చినది కాదు. ముక్కలన్నీ కత్తిరించే పనిలో సగం అతనిదే.

పాప ఇంకా తడుముతోంది, అంతే. ఆమెకు చదవడం ఎప్పుడు వస్తుందని అడిగేవారికి తేదీ చెప్పడం మానేశాను. మూడేళ్లకే పేజీలకు పేజీలు దిద్దించే పూర్వప్రాథమిక తరగతులు మా పేటలోనూ ఉన్నాయి. మూడు నుంచి ఎనిమిదేళ్ల దశను ఆటలతోనూ చేతిపనులతోనూ నడపాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పినా, తల్లిదండ్రులుగా మనం నోటుపుస్తకం నిండిందా అనే అడుగుతాము.

డిసెంబరు

ఆరేళ్లు దాటిన పిల్లవాడి ఆకలి వేరని మాంటిస్సోరి చెప్పిన విభజన బాబు విషయంలో సరిగ్గా సరిపోయింది. అతనికి పళ్లేలు అక్కరలేదు, కారణాలు కావాలి, ఇంటి బయటికి వెళ్లాలి. గోదావరి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయని అడిగితే పటం చూపించి ఊరుకోకుండా తాడు తెచ్చాము. నది పొడవు 1,465 కిలోమీటర్లు. కిలోమీటరుకు ఒక సెంటీమీటరు లెక్కన 14 మీటర్ల 65 సెంటీమీటర్ల నూలుతాడు కోసి, మేడమీద వంపులు తిప్పి పరిచాము. నాసిక్ దగ్గరి త్రయంబకం ఒక కొస, సముద్రం మరో కొస. నాందేడ్, బాసర, భద్రాచలం, పోలవరం ముడులు పటం మీద దారంతో కొలిచి బాబే వేశాడు. మన ఊరి ముడి పడేసరికి మిగిలిన తాడు మీటరు కూడా లేదు. అంత దూరం నడిచి వచ్చి మన దగ్గరికి చేరేసరికి నది ప్రయాణం అయిపోవచ్చిందా అని చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. తరువాతి ఆదివారం ధవళేశ్వరం వెళ్లి, 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట ఉన్న చోటును, ఇప్పటి బ్యారేజీని చూశాము. ఏ కాలువ ఎటు పోతుందో తాడుకు పురికొసలు కట్టి చేర్చే పని ఇంకా నడుస్తోంది.

బయటి ప్రయాణాలకు నియమం ఒక్కటే: ప్రణాళిక అతనిది, తోడు మాది. రైతుబజారుకు కావలసిన జాబితా, సంచి, డబ్బు అతని దగ్గరే ఉంటాయి. వంకాయలు ఏరుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటాడని వెనక నిలబడ్డవారు విసుక్కున్నప్పుడు పక్కకు తప్పుకుని దారి ఇవ్వడం కూడా నేర్చుకున్నాడు.

జనవరి

మర్యాదల పాఠాలు. పిల్లలకు ముక్కు చీదుకోవడం ఎలాగో శాన్ లొరెంజోలో ఒకసారి చప్పుడు లేకుండా చేసి చూపిస్తే, తమను ఎప్పుడూ తిట్టే విషయాన్ని ఎవరో గౌరవంగా నేర్పినందుకు పిల్లలు చప్పట్లు కొట్టారట. మా పాప చప్పట్లు కొట్టలేదు గాని, రుమాలు మడత పెట్టడం నేర్చుకుని ఇంటికి వచ్చిన తాతయ్యకు నేర్పబోయింది. తలుపు చప్పుడు లేకుండా వేయడం, మాట్లాడుతున్నవారి భుజం మీద చెయ్యి వేసి వంతు కోసం ఆగడం, పెద్దలు వచ్చినప్పుడు లేచి కూర్చోబెట్టడం, ఇవన్నీ గొడవ జరిగిన వేళ కాకుండా తీరికవేళ నాటకంలా ఆడి చూపించాము. కోపం వచ్చిన నిమిషాన చెప్పిన మర్యాద ఎవరికీ ఎక్కదు, పెద్దలకూ ఎక్కదు.

సంక్రాంతి నెలంతా ముంగిట ముగ్గులు. చుక్కలు లెక్కపెట్టడం బాబుకు, పిండిని రెండు వేళ్ల మధ్య నుంచి సన్నగా వదలడం పాపకు. పెన్సిలు పట్టుకోవలసిన మూడు వేళ్ల బలానికి దీనికన్నా మంచి అభ్యాసం నాకు తెలియదు. గీసిన ముగ్గు గీత మీదనే పాప అడుగు ముందు అడుగు వేసి నడిచింది. మాంటిస్సోరి తరగతుల్లో నేల మీద గీత గీసి నడిపించేది ఈ సమతూకం కోసమే.

అన్నాచెల్లెళ్ల తగాదాలు తగ్గలేదు. ఒక వస్తువు ఒక్కటే ఉంటుంది, ఎవరి చేతిలో ఉంటే వారు పళ్లేన్ని అలమరలో తిరిగి పెట్టేదాకా రెండోవారు ఆగాలి అన్న నియమం పది సార్లలో కొన్ని సార్లే నిలుస్తుంది. కొట్టుకునేదాకా వస్తేనే మేము కల్పించుకుంటాము. మేము తీర్పు చెప్పిన తగాదాల కంటె వాళ్లే తేల్చుకున్నవి తొందరగా ముగుస్తాయని పరిశీలన పుస్తకం చెబుతోంది, ముగిసిన తీరు న్యాయంగా ఉంటుందని మాత్రం చెప్పడం లేదు. ఓడిపోయేది ఎక్కువగా బాబే.

ఫిబ్రవరి

స్తూపాల దిమ్మె కోసం ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే ఒక కళాకారుడితో మాట్లాడాము. అంకుడు కర్రను తరిణె మీద పట్టి చేసే ఆ పని ఈ సామగ్రికి సహజంగా సరిపోతుంది. చిక్కు కొలతలో ఉంది: ఒక్కో స్తూపం వ్యాసం అర సెంటీమీటరు చొప్పున మారాలి, దేని గుంటలో అది మాత్రమే బిగుతు లేకుండా, వదులు లేకుండా దిగాలి; లక్క పూత మందం ఆ లెక్కను మార్చేస్తుంది. స్తూపాల తలల మీది పిడికే లక్క వేసి, ఒంటిని నున్నగా చెక్కి అలాగే వదిలేద్దామని ఆయనే సూచించారు. నమూనాగా మూడు స్తూపాలు పంపుతామన్నారు, దిమ్మెలో గుంటలు ఆ మూడూ చేతికి వచ్చాకే మా వడ్రంగి తొలుస్తాడు.

వత్తుల ముక్కలు కత్తిరించడం మొదలైంది. ‘క’వత్తు, ‘త’వత్తు, ‘ర’వత్తు మొదలైన వాటి రూపం మూలాక్షరానికి దూరం గనుక, వాటిని చివరి వరుసలో వేరే రంగు అట్ట మీద చేస్తున్నాము. అలమర కింది అరలో గోపురం స్థానంలోకి ఏం రావాలో పాప ఈ వారం ఏం ఎంచుకుంటుందో చూసి నిర్ణయిస్తాము. మా అమ్మ మరో పీట కావాలంటోంది, చిక్కుళ్లు ఒలిచేటప్పుడు పాప పక్కన తనకూ ఒకటి ఉండాలట. ఇంకాస్త ఎత్తుగా, మోకాళ్లకు వీలుగా చేయమని వడ్రంగికి కొలత ఇచ్చాము.